36 బైట్లలో తాతకి ఒక మెసేజ్

టైమ్ ట్రావెల్ సిరీస్‌లు చూసేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే అరగంటలో గొడవ గ్యారంటీ. పోయిన నెల మేమూ కణేకల్ చెరువు కట్ట మీద కూర్చుని రాత్రి పదకొండు దాకా కొట్టుకున్నాం. టాపిక్ పాతదే, గ్రాండ్‌ఫాదర్ పారడాక్స్. ఒకడు గతంలోకి వెళ్లి, పెళ్లి కాకముందే వాళ్ల తాతని చంపేశాడనుకోండి. అప్పుడు వీడు పుట్టడు. పుట్టనివాడు వెళ్లి చంపేదెలా? ఒకడు లూప్ అన్నాడు, ఇంకొకడు మల్టీవర్స్ అన్నాడు. నేను ఓడిపోయాను.

ఇంటికొచ్చి పడుకున్నాక అనిపించింది, మేం వాదించుకుంటున్నది అసలు ప్రశ్న గురించే కాదని. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. టైమ్ ట్రావెల్ కథ బాగుందో లేదో తేల్చడానికి మెషీన్ రూల్స్ వెతకక్కర్లేదు. కాలం మారాక పాతది ఎవరికి గుర్తుంది? ఆ గుర్తు వాళ్లతో ఏం చేయించింది? ఈ రెండూ చూస్తే చాలు.

కింద 'స్టైన్స్ గేట్', 'డార్క్', 'బ్లాక్ మిర్రర్' స్పాయిలర్లు ఉన్నాయి. చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

మైక్రోవేవ్‌కి తగిలించిన ఫోన్

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకి 'స్టైన్స్ గేట్' కంటే మంచి టైమ్ మెషీన్ దొరకదు. 2011లో వచ్చిన జపాన్ యానిమే, 24 ఎపిసోడ్లు. ఒకబే అనే స్టూడెంట్, వాళ్ల ఫ్రెండ్స్ కలిసి ఒక మైక్రోవేవ్ అవెన్‌కి మొబైల్ ఫోన్ తగిలిస్తారు. దాంతో గతానికి మెసేజ్ వెళ్తుంది. మనిషి వెళ్లడు, మెసేజ్ మాత్రమే. దానికీ ఒక లిమిట్ ఉంది: 36 బైట్లు.

ప్రతి మెసేజ్‌తో ప్రపంచం మారిపోతుంది. అందరి జ్ఞాపకాలూ దానితోపాటే మారిపోతాయి. ఒక్క ఒకబేకి మాత్రం పాతదంతా గుర్తుంటుంది. సిరీస్ బలమంతా ఇక్కడే ఉంది. ఫెయిరిస్ అనే అమ్మాయి ఒక మెసేజ్ పంపి, చనిపోయిన తండ్రిని బతికించుకుంటుంది. తర్వాత మయూరి ప్రాణం కాపాడాలంటే పంపిన మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవాలి. ఫెయిరిస్‌కి కూడా పాత సంగతి గుర్తొచ్చాక, తండ్రిని మళ్లీ వదులుకోవడానికి తనే ఒప్పుకుంటుంది. గుర్తు రాకపోయి ఉంటే అది ఆమె త్యాగం అయ్యేది కాదు, ఆమెకి తెలియకుండా జరిగిన దొంగతనం అయ్యేది.

చూడటం అయిపోయాక నేనూ ఒక లెక్క వేశాను. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోదానికి 3 బైట్లు. అక్షరం, గుణింతం, పొల్లు, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. అంటే 36 బైట్లలో పన్నెండే పడతాయి. గతానికి నేను పంపాలనుకున్న మెసేజ్ ఇది: బోరు వేయొద్దు.

లెక్కపెట్టండి. తెలుగు కోడ్ పాయింట్లు సరిగ్గా పన్నెండు, అంటే 36 బైట్లు. మధ్యలో స్పేస్‌కి ఇంకో బైటు, మొత్తం 37. ఒక్క బైటు ఎక్కువ! స్పేస్ తీసేస్తే సరిగ్గా సరిపోతుంది. వెళ్లాల్సిన అడ్రస్ మా తాత, 1998. ఆయన దగ్గర అప్పుడు సెల్ లేదన్న సంగతి కాసేపు పక్కన పెట్టండి.

మా ఇంటి తాత పారడాక్స్

కణేకల్ తెలియనివాళ్లకి చిన్న పరిచయం. అనంతపురం జిల్లా, రాయదుర్గం పక్కన, బళ్ళారికి దగ్గర. ఒకవైపు తుంగభద్ర ఎగువ కాలవ నీళ్లొచ్చే పెద్ద చెరువు, దాని కింద వరి మళ్లు. ఇంకోవైపు హగరి ఏరు, దాని వెంట ఇసుక దిబ్బలు. జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. కాలవ నీళ్లు అందే చేనుకీ అందని చేనుకీ మధ్య దూరం కొన్నిచోట్ల ఒక గట్టే. మా తాతది అందని వైపు.

తాత మూడు బోర్లు వేయించాడు. మొదటిది 180 అడుగుల్లో రెండించుల నీళ్లు పోసింది, రెండేళ్లకి ఎండిపోయింది. రెండోది 300 అడుగులు, ఉత్త దుమ్ము. మూడోదానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూసే మనిషిని పిలిపించాడు. 420 అడుగులు దింపారు, మళ్లీ దుమ్మే. బోరు లారీ వెళ్లిపోయాక రెండెకరాలు అమ్మి అప్పు కట్టాడు.

ఇప్పుడు పారడాక్స్ చూడండి. చేను చాలక మా నాన్న రాయదుర్గం వెళ్లి జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో చేరాడు. మా అమ్మ అక్కడే కాజాలు కుట్టేది. ఆ బోరు ఫెయిల్ కాకపోతే ఆ పెళ్లి లేదు, నేను లేను, ఈ ఆర్టికల్ లేదు. 36 బైట్లు పంపితే డిలీట్ అయ్యేది నేనే. చెరువు కట్ట మీద ఈ ఎగ్జాంపుల్ గుర్తొచ్చి ఉంటే వాదన నేనే గెలిచేవాణ్ణి.

అవ్వ ఇచ్చిన రివ్యూ

ఈ మెసేజ్ గురించి మా అవ్వకి చెప్పాను. గతానికి ఒక్క మాట పంపొచ్చంటే తాతకి ఇదే పంపుదామా అని అడిగాను. అవ్వ నవ్వింది.

"చెప్పినోళ్లు లేకనా అప్పా? ఊరంతా చెప్పినారు. నేనూ చెప్తి. ఇనే మనిషైతే గదా!"

'డార్క్' మూడు సీజన్లలో చెప్పింది అవ్వ మూడు ముక్కల్లో చెప్పేసింది. ఆ జర్మన్ సిరీస్ నెట్‌ఫ్లిక్స్‌లో 2017లో మొదలైంది. విండెన్ అనే ఊరు, 33 ఏళ్ల దూరంలో ముడిపడిన కాలాలు: 1953, 1986, 2019. కథలో ప్రళయం వచ్చే తేదీ 2020 జూన్ 27, మూడో సీజన్ రిలీజైందీ సరిగ్గా అదే రోజు. అందులో ఉల్రిక్ 1953కి వెళ్లి, ముందుముందు పిల్లల ప్రాణాలు తీస్తాడనుకున్న హెల్గె అనే పిల్లాణ్ణి రాయితో కొడతాడు. పిల్లాడు చావడు, మొహం మీద మచ్చ మిగులుతుంది. పెద్దయ్యాక హెల్గె మొహం మీద మనం మొదటి నుంచీ చూస్తున్న మచ్చ అదే. ఆపాలని చేసిన పనే, జరగాల్సినదాన్ని జరిపించింది. సమాచారం చేతిలో ఉన్నంత మాత్రాన మనిషి మారడు. మా తాతకి ముప్పై మంది చెప్పారు. ముప్పై ఒకటో మాట ఫ్యూచర్ నుంచి వచ్చినా వినేవాడు కాదు.

అవ్వ అక్కడితో ఆపలేదు.

"నాకు మతికుండాది. అందుకే మీ నాయనను ఇంగోటి వేయనీలే."

మా వైపు గుర్తుని 'మతి' అంటారు. గుర్తుందా అనడానికి 'మతికుందా' అని అడుగుతారు. 2000 తర్వాత బోరు లారీలోళ్లు మా ఇంటికొచ్చిన ప్రతిసారీ అవ్వ ఆ మూడు బోర్ల కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పేదంట. అడుగులతో సహా, వడ్డీతో సహా. నాన్న సిగ్గుపడి లారీని పంపించేసేవాడు. మిగిలిన మూడెకరాలు ఈరోజుకీ మా పేరు మీద ఉన్నాయంటే అదే కారణం. అవ్వ గతానికి ఏమీ పంపలేదు. గతాన్ని మర్చిపోకుండా పట్టుకుంది, ముందు జరగబోయేది ఆపింది.

స్టోరేజ్ వేరు, మతి వేరు

ఇక్కడ ఒక డౌట్ రావచ్చు. అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా, గుర్తుపెట్టుకునే పని ఎందుకు?

'బ్లాక్ మిర్రర్' మొదటి సీజన్‌లో, 2011లో, 'ది ఎంటైర్ హిస్టరీ ఆఫ్ యూ' అనే ఎపిసోడ్ వచ్చింది. చెవి వెనక చిప్ పెడతారు, చూసిందంతా రికార్డ్ అవుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ప్లే చేసుకోవచ్చు. హీరో లియమ్ పాత క్లిప్పులు తిప్పి తిప్పి చూసి కాపురం కూల్చుకుంటాడు, చివరికి ఆ చిప్‌ని కోసి తీసేసుకుంటాడు. రికార్డింగ్ అంతా నిజమే. అయితే ఏది పట్టుకోవాలో ఏది వదిలేయాలో చిప్ చెప్పదు.

మన దగ్గర ఉన్న నిజమైన టైమ్ మెషీన్ గూగుల్ ఎర్త్ టైమ్‌ల్యాప్స్. 1984 నుంచి తీసిన ఉపగ్రహ ఫొటోలు ఏడాదికో ఫ్రేమ్‌గా నడుస్తాయి. 2021లో వచ్చినప్పుడు దాంట్లో 2.4 కోట్ల ఫొటోలు వాడారు. ఫోన్‌లో ఓపెన్ చేసి కణేకల్ మీద జూమ్ చేయండి, హగరి ఇసుక, చెరువు, చేలు అన్నీ కళ్ల ముందు నడుస్తాయి. నాకు భలే నచ్చిన ఫీచర్. కానీ 1998 ఫ్రేమ్‌లో మా చేను దగ్గర ఒక చిన్న మరక మాత్రమే ఉంటుంది. అక్కడ కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ మనిషి, రెండెకరాల రేటు, తాత మొహం ఆ శాటిలైట్‌కి తెలియవు.

లూప్‌లో ఇద్దరుండాలి

తెలుగులో ఈ పాయింట్ పట్టుకున్న సిరీస్ 'కుడి ఎడమైతే'. 2021 జూలైలో ఆహాలో వచ్చింది, పవన్ కుమార్ డైరెక్షన్, ఎనిమిది ఎపిసోడ్లు. పోలీస్ ఆఫీసర్ దుర్గగా అమలా పాల్, ఫుడ్ డెలివరీ చేసే ఆదిగా రాహుల్ విజయ్. ఒకే రోజు మళ్లీ మళ్లీ తిరుగుతుంటే అది ఈ ఇద్దరికీ గుర్తుంటుంది. లూప్ ఎలా మొదలైంది అన్నదాని మీద మా గ్యాంగ్‌లో చాలా కంప్లయింట్లున్నాయి. నాకు మాత్రం ఆ ఇద్దరు చాలు. ఒక్కడికే గుర్తుంటే అందరూ పిచ్చోడంటారు. ఇంకొకరు "నాకూ గుర్తుంది" అన్నప్పుడే లూప్ నుంచి బయటపడే దారి దొరుకుతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఈ ఎండాకాలం మా చిన్నాన్న నాలుగో బోరు మాట ఎత్తాడు, ఈసారి 800 అడుగులంట. అవ్వ ఎప్పట్లాగే కథ మొదలుపెట్టింది. కానీ మొదటి బోరు దగ్గరే ఆగిపోయింది. రెండు బోర్లే అంది, కాదు కాదు అంది, తర్వాత ఊరుకుంది. అవ్వకి మతి తప్పుతోంది. లూప్‌లో గుర్తున్న ఒకే ఒక్క మనిషి మర్చిపోతే ఏమవుతుందో సిరీస్‌లు చూసిన మీకు నేను చెప్పాలా?

తాత గొంతు మా దగ్గర లేదు. పాత కీప్యాడ్ ఫోన్ మెమరీ కార్డులో ఉండేది, కార్డు కరప్ట్ అయింది. ఆ తప్పు మళ్లీ చేయదలచుకోలేదు. మర్నాడు పొద్దున, అవ్వకి మతి బాగున్న టైమ్ చూసి, ఫోన్‌లో మామూలు రికార్డర్ యాప్ ఆన్ చేశాను. మధ్యలో తప్పితే నాన్న అందించాడు. 41 నిమిషాలు. ఫ్యాన్ ఆపాను, ఫోన్ మంచం కోడు పక్కన పెట్టాను, ఫైల్ క్లౌడ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచాను. మూడుసార్లు విన్నాను కూడా. ఇప్పుడు 180, 300, 420 నాకూ నోటికొచ్చు.

చిన్నాన్నకి వినిపించాను. చివరి దాకా విన్నాడు, ఏమీ అనలేదు. ఇది రాసే రోజుకి లారీ అయితే రాలేదు.