సరస్సు ఎక్కడికీ పోదు!

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. వేసవిలో విమానంలో లేహ్ వెళ్లి, మర్నాడే పాంగాంగ్ సరస్సు చూసి, ఆ చుట్టుపక్కల కొండలెక్కుదామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. వెళ్లవచ్చునా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: వెళ్లవచ్చు. కాని మర్నాడే కాదు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పీల్చే గాలిలో మనకు అందే ప్రాణవాయువు తెనాలిలో అందేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. పాంగాంగ్ 4,200 మీటర్ల పైమాటే. దీనికి శరీరం అలవాటు పడాలి. లేహ్‌లో కనీసం రెండు రోజులు పూర్తి విశ్రాంతి, మూడోనాడు కాస్త నడక; సరస్సు, కొండలు ఆ తరువాతే.

తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదటి హెచ్చరికలు. అవి తగ్గేదాకా పైకి వెళ్లరాదు. ఊరికే కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, తూలుడు, మతి తడబాటు కనిపిస్తే వెంటనే కిందికి దింపాలి. తెల్లవారనిద్దామనుకోరాదు. ఆక్సిజన్ సిలిండరు ఉన్నా సరే, దింపడం మానరాదు.

కండబలం ఈ జబ్బును ఆపదు. ఆటగాళ్లకూ వస్తుంది, మీ అబ్బాయి కూడా జాగ్రత్తపడాలి.

మీవారు బయలుదేరే ముందే డాక్టరుకు చూపించుకోవాలి. రక్తపోటు మాత్రలు మానరాదు. ఎత్తుకు అలవాటు పడడానికి అసిటజోలమైడ్ అనే మందు ఉంది. డాక్టరు చెప్తేనే వాడాలి. సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పాలి. అక్కడ మద్యం, నిద్రమాత్రలు వద్దు.

సరస్సు ఎక్కడికీ పోదు. సెలవు మరో రెండు రోజులు ఎక్కువ పెట్టమనండి.