కీళ్ళవాతం మందులు: రెండు రోజుల మాత్ర, ఆరు వారాల మాత్ర

గత నెలలో మాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న. "ఇండియాలో ఇచ్చిన మాత్రతో మా అమ్మగారికి రెండు రోజుల్లో నొప్పులు పోయాయి. ఇక్కడి డాక్టరు ఆరు వారాలకు గాని పనిచేయని మందు వ్రాశాడు. ఎవరి మాట వినాలి?"

వయసుతో మోకాళ్ళు అరగడం వేరు సంగతి. ఇప్పుడు మేము చెప్పేది రుమటాయిడ్ ఆర్థరైటిస్ గురించి. ఒంట్లోని రక్షణశక్తి దారి తప్పి మన కీళ్ళ మీదికే వస్తుంది. పొద్దున్నే వేళ్ళు గంటసేపు బిగుసుకుపోతాయి, రెండు చేతుల కణుపులూ వాస్తాయి.

ఆ రెండు రోజుల మాత్ర చాలావరకు ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడ్. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ గారు కార్టిజోన్ ఇస్తే, కదలలేని రోగి కొద్ది రోజుల్లో లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది, కంట్లో శుక్లాలు వస్తాయి. నొప్పిని తగ్గించినంతగా అది కీలును కాపాడదు. అలాగని ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే.

కీలును కాపాడేది ఆ నిదానపు మందు, మెతొట్రెక్సేట్. దాని వెనుక భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే ఈ జాతి మందులు లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం చేసిన కృషి ఫలితం. మొదట పిల్లల రక్త క్యాన్సరుకు వాడారు. ఆయన 1948లోనే పోయారు. కీళ్ళవాతానికి అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది 1988లో.

ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. రోజూ కాదు! పొరపాటున రోజూ మింగి, రక్తకణాలు పడిపోయి చనిపోయినవారున్నారు. పెద్దవాళ్ళకు సీసా మీద వారం పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసిపెట్టండి. దీనికి తోడు డాక్టరు ఫోలిక్ ఆసిడ్ ఇస్తారు, లివరుకూ రక్తకణాలకూ పరీక్షలు చేయిస్తారు. గర్భిణులు వాడరాదు. మద్యం సంగతి పార్టీలకు వెళ్ళే మగవారు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

జబ్బు తేలికగా ఉంటే హైడ్రాక్సీక్లోరోక్విన్ చాలవచ్చు. దానికి కంటి పరీక్షలు తప్పవు.

వీటికి లొంగకపోతే సూదిమందులున్నాయి: 1998లో వచ్చిన ఎటనర్సెప్ట్, 2002లో వచ్చిన అడాలిముమాబ్ వంటివి. బాగా పనిచేస్తాయి, ఖరీదూ అంతే. కాని మనవాళ్ళకు ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కుంది. మనలో చాలామంది ఊపిరితిత్తుల్లో క్షయ క్రిములు నిద్రపోతూ ఉంటాయి. ఈ మందులు వాటిని లేపగలవు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో ఇలా జరిగిందని 2001లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. చిన్నప్పటి బి.సి.జి. టీకా వల్ల చర్మపరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. అందుకని రక్తపరీక్ష చేయమని అడగండి. క్రిములున్నాయని తేలితే ముందు వాటికి మందు మొదలుపెట్టి, తరువాత సూదిమందు ఇస్తారు.

మన ఇళ్ళలో క్షయ మాట పైకి రానివ్వరు. తాతగారికి వచ్చినా, మేనత్తకు వచ్చినా, పెళ్ళి సంబంధాలు చెడతాయని "దగ్గు" అని సరిపెట్టేస్తారు. డాక్టరు అడిగినప్పుడు మాత్రం దాచకండి. అనువాదం చేసేది కొడుకో కోడలో అయితే అమ్మగారు అసలే చెప్పరు. ఆసుపత్రి వారిని తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమనండి.

2012లో టోఫాసిటినిబ్ అనే మాత్ర వచ్చింది. గుండెపోటు, రక్తం గడ్డకట్టడం, క్యాన్సరు భయాల వల్ల 2021లో ఎఫ్.డి.ఏ. గట్టి హెచ్చరిక చేసింది. ఇప్పుడది సూదిమందుల తరువాతి మాటే.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, ఇద్దరు డాక్టర్లకూ తగువు ఉండనక్కరలేదు. మెతొట్రెక్సేట్ అందుకునేదాకా కొద్ది మోతాదు స్టెరాయిడ్ ఇచ్చి, మెల్లగా తగ్గించడం వాడుకలో ఉన్నదే. అమ్మగారి ఇండియా మాత్రల అట్టలు పారేయక ఇక్కడి డాక్టరుకు చూపించండి. వచ్చే నెల థైరాయిడ్ గురించి.