కడుపు నిండితే చాలునా?

సెలవులు వచ్చాయంటే గుంటూరు, కర్నూలు, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మన కుటుంబాలు ఎన్నో హైదరాబాదుకు ప్రయాణం కడతాయి. చార్మినార్ ముందు ఒక ఫోటో, లాడ్ బజారులో గాజులు, పేరున్న హోటల్లో బిర్యానీ, సాయంత్రం ఇరానీ చాయ్. అంతటితో హైదరాబాదు చూసినట్టే లెక్క. ఇంటికి చేరాక ఏం చూశారని పిల్లల్ని అడిగితే, ఏం తిన్నదీ చెబుతారు. తప్పు వారిది కాదు, చూపించాల్సిన పెద్దలది.

రుచిని మేము చిన్నచూపు చూడటం లేదు. ఆ దస్తర్‌ఖాన్ మీద కూడా చరిత్ర ఉంది. నహారీ పేరులో ఉన్నది అరబ్బీ 'నహార్', అంటే పగలు. పొద్దున్నే తినే వంటకం కనుక ఆ పేరు. హలీం వెనుక అరబ్బుల హరీస్ ఉంది. హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతతి బార్కస్‌లో నేటికీ ఉంది. వాటి పక్కనే చింతపండు పులుపు, నువ్వులు, పల్లీలతో బఘారా బైంగన్. మన గోంగూరే దక్కనీలో 'అంబాడా' అయి మాంసంతో జత కట్టింది. ఒక్క భోజనంలో ఇంత పాఠం ఉంది. అయితే నాలుక దానంతటది ఈ సంగతి చెప్పదు. పక్కన కూర్చున్న పెద్దలు చెప్పాలి.

ఇక మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం. కొంతకాలం నిజాం ప్రధానిగా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, పదవి వదిలాక తన జీవితాన్ని కళావస్తువులు, గ్రంథాలు సేకరించడంలోనే గడిపారు. 1949లో కన్నుమూసే నాటికి ఆయనకు సంతానం లేదు. 1951లో ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం ప్రారంభమైంది. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. బిడ్డలు లేని ఆ ఒక్కరి సొత్తుకు నేడు మనమందరం వారసులం. వారసత్వంగా వచ్చిన ఇంటి గుమ్మం దాటుకుంటూ నేరుగా హోటలుకు పోయే వారసుణ్ణి ఏమనాలి?

లోపలికి వెళ్లినవారు గంట కొట్టే గడియారం దగ్గర, ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా దగ్గర ఆగుతారు. ఆగవలసినవే. కానీ చేతిరాత ప్రతుల గదిలో మరికొంత సేపు నిలబడండి. మక్తబ్‌లో నాజిరా పూర్తిచేసిన పదేళ్ల పాప, శతాబ్దాల నాటి ఖుర్ఆన్ ప్రతిలో తనకు వచ్చిన సూరాను గుర్తుపట్టిందనుకోండి, ఆ గాజు పలక మాయమైనట్టే. ఏనాటి లేఖకుడో ఆ పాపతో మాట్లాడినట్టే. మ్యూజియం ఉన్న ప్రాంతం దారుల్ షిఫా. ఆ మాటకు అర్థం తెలిసిన పిల్లవాడికి, 1595లో కుతుబ్‌షాహీలు కట్టించిన ఆసుపత్రి గురించి చెప్పడం తేలిక.

అసలు భయం ఇక్కడే ఉంది. మన పిల్లలు తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో చదువుతున్నారు. మంచిదే, చదవాలి. ఇంట్లో ఉర్దూ అక్షరాలు కూడా నేర్పకపోతే మాత్రం తాతగారు రాసిన ఉత్తరం సైతం వారికి అద్దాల బీరువాలోని వస్తువే అవుతుంది. చూడగలరు, చదవలేరు.

నవాబుల గొప్పలు చెప్పుకోవడానికి మ్యూజియాలకు పోనవసరం లేదు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం హాలు పొడవునా కట్టిన రెండంతస్తుల చెక్క అల్మారా ఉంది. ధరించినవారు వెళ్లిపోయారు, అల్మారా నిలిచింది. భూమిపై సంచరించి, గతించినవారి పర్యవసానాన్ని గమనించమని దివ్యఖుర్ఆన్ పలుమార్లు హెచ్చరించింది. ఆ చెక్కను మలిచిన పనివాడి నైపుణ్యాన్నీ, దానిని వాడినవారి పర్యవసానాన్నీ కలిపి చూపించినప్పుడే పిల్లలకు గుణపాఠం అందుతుంది.

కనుక పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఇది. సాలార్‌జంగ్, నిజాం మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్‌లకు శుక్రవారం సెలవు. మక్కా మసీదులో జుమా చేసి అటు పోదామనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకుని మరో రోజు ఎంచుకోవాలి. ఉదయం తలుపులు తెరవగానే వెళ్లండి. రోజుకు రెండు చోట్లు చాలు. నానా నానీలను, దాదా దాదీలను వెంట తీసుకెళ్లండి. అక్షరాలు చదివి చెప్పేది వారే. తనకు నచ్చిన ఒక్క వస్తువును గుర్తుపెట్టుకోమని ప్రతి బిడ్డకూ చెప్పండి. మధ్యాహ్నం భోజనం దగ్గర దాని గురించే అడగండి. తినగలిగినంతే తెప్పించుకోండి. బిర్యానీ రుచి పూట గడిస్తే పోతుంది. ఆ భోజనం దగ్గర బిడ్డ చెప్పిన మాట మాత్రం ఇంటిదాకా వస్తుంది, మరుసటి తరానికీ అందుతుంది.