ఉప్పు చేసే పని ఇక ఎవరు చెయ్యాలి?

మా ఊళ్లో కిడ్నీ పరీక్షల శిబిరం పెట్టినప్పుడు ఒక కరపత్రం పంచారు. ఉప్పు తగ్గించండి, నిలవ పచ్చళ్లు మానండి, పుదీనాతో ఏ రోజుకారోజు ఇంట్లోనే తాజాగా పచ్చడి చేసుకోండి అని ఉంది అందులో. ఎవరు చెయ్యాలో రాయలేదు. రాయాల్సిన అవసరమే లేదు కదా! మగవాళ్లు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చి ఇంట్లో ఆడవాళ్ల చేతికిచ్చారు. వాళ్ల వంతు వైద్యం అక్కడితో అయిపోయింది.

మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల్లో రెండు దశాబ్దాలకు పైగా కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ కేంద్రాలొచ్చాయి. 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి నీళ్ల పథకం ప్రారంభించారు. ఇవన్నీ పోరాడితే వచ్చినవే, కాదనను. కానీ రోగి ఆసుపత్రిలో ఉండేది వారంలో కొన్ని గంటలు. మిగతా వారమంతా వంటింట్లో జరిగే వైద్యానికి లెక్కా లేదు, జీతమూ లేదు.

ఉప్పు తగ్గించడమంటే చెంచా తగ్గించడం అనుకుంటారు. కాదు. ఆవకాయ ఏడాదికొకసారి పెడతాం. అందులో పడే ఉప్పు ముక్కలోని నీటిని లాగేసి, కుళ్లకుండా ఏడాది పొడుగునా కాపలా కాస్తుంది. పలాస జీడి బట్టీలకు పోయే ఆడది, నౌపడ ఉప్పుమళ్లలోకి దిగే ఆడది, తెల్లారకుండా చోడి అంబలిలోకి ఒక ఊరగాయ ముక్క నంజుకుని వెళ్లగలుగుతోందంటే ఆ కాపలా వల్లే. ఉప్పు ఆడదానికి దొరికిన ఒకే ఒక్క పనిమనిషి. ఆ పనిమనిషిని మాన్పించేస్తే ఆ పని ఎక్కడికి పోతుంది? తిరిగి మన చేతుల్లోకే వస్తుంది. ఉప్పులేని పుదీనా పచ్చడి పొద్దున్న పచ్చగా ఉంటుంది, సాయంత్రానికి నల్లబడుతుంది. మర్నాడు మళ్లీ కొయ్యాలి, ఏరాలి, కడగాలి, నూనె చుక్కలో మగ్గించాలి. ఎక్కువసేపు మగ్గితే వాసన పోతుంది. పచ్చిమిరపకాయ, జీలకర్ర, వెల్లుల్లి వేసి నూరి, చివర నిమ్మరసం పిండితే ఆ పులుపు ఉప్పులేని లోటును కొంత కప్పుతుంది. చింతపండు, కొబ్బరి మాకు తగ్గించమన్నారు, వాటిలో పొటాషియం ఎక్కువని. కొబ్బరి తోటల మధ్య కూర్చుని కొబ్బరి పచ్చడికి మొహం వాచిపోవడం ఎలాంటిదో ఉద్దానం వాళ్లనే అడగాలి!

మావయ్యకు జబ్బని తెలిసిన రోజు నుంచి ఇంట్లో రెండు వంటలు మొదలయ్యాయి. ఆయనకు చప్పిడిది, మిగతావాళ్లకు మామూలుది. మా మరిది పట్నం నుంచి ఖరీదైన ఉప్పు డబ్బా పంపాడు, సోడియం తక్కువట. సంతోషించి వాడాను. తర్వాత తెలిసింది, అందులో సోడియం తగ్గించిన మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారని. కిడ్నీ చెడినవాళ్ల రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి ఉప్పును సిఫారసు చేస్తూ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆ సిఫారసు వర్తించదని స్పష్టంగా చెప్పింది. మా డాక్టరుగారు అప్పుడు తిట్టింది ఎవరిని? కొని పంపినవాణ్ణి కాదు, తిన్నాయన్నీ కాదు. "చదువుకున్నదానివి, డబ్బా మీద చూసుకోవద్దా?" అని నన్ను! రోగం ముదిరితే అది కిడ్నీ తప్పు కాదు, కోడలి తప్పు.

అయినా ఇదంతా భరించొచ్చు. భరించలేనిది ఆ తర్వాత జరిగింది. మావయ్య పోయిన రెండేళ్లకు అత్తకూ క్రియాటినిన్ పెరిగింది. ఆయనకు ఆరేళ్లు చప్పిడి పచ్చడి నూరిన మనిషి, తన వంతు వచ్చేసరికి "నాకొక్కర్తికీ ఏటే వేరే సెయ్యడం, ఉన్నదే తినేత్తాను" అంది. తినేసింది కూడా. రాత్రి అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన ఉప్పు చేప ముక్కతో అన్నం కలుపుకుంటుంటే నేనే చూశాను. డాక్టరుగారు ఆమెకు కూడా అదే కాగితం ఇచ్చారు. ఆమె చేతికే ఇచ్చారు. పక్కన నిలబడ్డ కొడుకు వైపు కనీసం చూడలేదు. మగవాడు రోగి అయితే ఇల్లంతా చప్పిడి. ఆడది రోగి అయితే ఆమె త్యాగశీలి!

విమల 'వంటిల్లు' కవిత చదివి పెరిగిన వాళ్లం మనం. వంటింటి చాకిరీ గురించి ఎన్ని సభల్లో మాట్లాడామో. మరి "ఇంట్లో తాజాగా చేసుకోండి" అన్న మాట ఆరోగ్యం పేరుతో వచ్చినప్పుడు ఎందుకు ప్రశ్నించం? డయాలసిస్ కేంద్రంలో నాలుగు గంటలు మంచం మీద ఉండే మనిషికి అక్కడే ఉప్పు తగ్గించిన భోజనం ఎందుకు పెట్టరు? ఊరికో పొదుపు సంఘం ఉందిగా, అక్కడి ఆడవాళ్లకు జీతమిచ్చి రోగుల వంట ఎందుకు చేయించరు? ఉచితంగా మాత్రం వద్దు, "సేవ" అనొద్దు. కరపత్రం బొమ్మలో పొత్రం మగవాడి చేతిలో పెట్టడానికి బడ్జెట్టు కూడా అక్కర్లేదు.

నేను రెండు వంటలు మానేశాను. ఇంటిల్లిపాదికీ ఒకటే, ఉప్పు తగ్గించింది. పెద్దవాళ్లకి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటొద్దన్నది రోగులకే కాదు, అందరికీ చెప్పిన లెక్కే. చాలనివాళ్లు కంచంలో వేసుకుంటారు. పగిలిన బానలో పుదీనా కాడలు గుచ్చాను, గిన్నెలు కడిగిన నీళ్లకే గుబురుకట్టింది. సోమ, గురువారాలు నూరే వంతు మా ఆయనది. ఇంట్లో వారం రోజులు యుద్ధం జరిగింది, ఆ సంగతి వదిలేయండి. మొదటి రోజు ఆకు మాడ్చేశాడు, నల్లగా, చేదుగా. అత్త ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని ఒక నిమిషం ఏమీ అనలేదు.

"ఉప్పు సాలనేదు, సేదు కూడాను," అంది. "అయినా ఇంకోపాలి ఎయ్యరా."