రౌతు కొద్దీ గుర్రం... గురువు కొద్దీ రౌతు!

కార్ఖానా నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. సినిమా వేషాల కోసం ఆల్బం తయారు చేయించుకుంటున్నాడట. ఈత వచ్చు, డ్యాన్సు వచ్చు, కర్రసాము కాస్తో కూస్తో వచ్చు. దానికి "గుర్రపు స్వారీ" కూడా చేరిస్తే ఇక తిరుగుండదని అతగాడి నమ్మకం. ఒకాయన పది రోజుల్లో దౌడు తీయిస్తానన్నాడట, పైగా ఫొటోలు ఫ్రీ! "చేరిపోనా అన్నయ్యా?" అని అడుగుతున్నాడు.

ఆగు తమ్ముడూ, కంగారు పడకు!

నీ ముచ్చట నాకు తెలియనిది కాదు. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ గుర్రమెక్కినప్పటి నుంచీ 1990లో 'కొదమసింహం', 2002లో 'టక్కరిదొంగ', 2009లో 'మగధీర' దాకా, హీరో జీనుమీద కూర్చున్నాడంటే హాల్లో ఈలలే ఈలలు. కానీ తెరమీద కనిపించే దౌడంతా హీరోలే తీస్తారనుకుంటున్నావా? లాంగ్ షాట్‌లో ఉన్నది డూప్ కావచ్చు. క్లోజప్‌లో కింద ఉన్నది అసలు గుర్రమే కాకపోవచ్చు! నీకా డూప్ లేడు. పడితే మనిషెత్తు నుంచి పడతావు, పక్కనే నాలుగైదు వందల కిలోల జంతువు డెక్కలు. మెడ నీది, బాబూ.

అందుకని గురువుగారి మీసాలు, బూట్లు, గోడమీద హీరోలతో దిగిన ఫొటోలు తర్వాత చూడొచ్చు. ముందు ఆయన గుర్రాలను చూడు. తెల్లవారుజామున, చెప్పకుండా వెళ్లు. పక్కటెముకలు బయటపడి ఉన్నాయా? జీను తీస్తే వీపుమీద పుండ్లున్నాయా? లాడాలు వదులై టకటకలాడుతున్నాయా? ఆయన దగ్గరికి వస్తుంటే గుర్రం చెవులు ముందుకు నిలబెట్టి చూస్తోందా, వెనక్కి అణిచిపెట్టి మొహం తిప్పుకుంటోందా? ఈ చివరిది మరీ ముఖ్యం. సర్టిఫికెట్లు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు గానీ, గుర్రం చెవులకు నటన రాదు. రోజూ తన దాణా తినే జంతువే ఆయన్ని చూసి బెదిరితే, నువ్వెందుకు నమ్మాలి?

ఇంకో సంగతి. నీకిచ్చే గుర్రం ఎక్కడిదని అడుగు. పందేల నుంచి రిటైరైన గుర్రాలు చాలా చోట్ల స్వారీ బడులకు చేరుతుంటాయి. అది తప్పేం కాదు. మంచి ట్రైనరు నెలల తరబడి వాటికి కొత్త చదువు చెబుతాడు. చెప్పకపోతేనే ప్రమాదం. కళ్లెం బిగిస్తే ఆగాలని నువ్వనుకుంటావు. రేసు గుర్రానికేమో ఆ బిగువుమీద ఆనుకుని ఇంకా ఉరకడం అలవాటు. నువ్వు భయంతో లాగేకొద్దీ అది వేగం పెంచుతుంది. మొదటి రోజే అలాంటి దానిమీద కూర్చోబెట్టి "ఏం కాదు, పట్టుకో" అన్నాడంటే, అటునుంచటే ఇంటికి వచ్చెయ్.

మంచివాడు మొదట్లో నిన్ను విసిగిస్తాడు. తలకు హెల్మెట్, కాలికి మడమ ఉన్న బూటు లేనిదే ఎక్కనివ్వడు. చెప్పులతో ఎక్కావా, పాదం రికాబులో ఇరుక్కుంటే నేలమీద ఈడ్చుకుపోతుంది మరి! ఎడమ వైపు నుంచే ఎక్కమంటాడు (నడుముకు ఎడమపక్క కత్తి వేలాడే రోజుల నాటి ఆచారం అది). గుర్రానికి పొడవాటి తాడు కట్టి, తను మధ్యలో నిలబడి, నిన్ను గుండ్రంగా తిప్పుతూనే ఉంటాడు. కళ్లెం నీ చేతికే ఇవ్వడు. ఎందుకంటే కొత్తవాడు తూలినప్పుడల్లా కళ్లెం పట్టుకు వేలాడతాడు. ఆ ఇనుము కోసేది గుర్రం నోటిని. నడక కుదిరాకే ట్రాట్, అది కుదిరాకే క్యాంటర్. దౌడు మాట నువ్వెత్తితే కసురుకుంటాడు. ఆ కసురు విని అలగకు, ఆయనే నీ గురువు!

నువ్వుండేది కంటోన్మెంటు పక్కన, అదో అదృష్టం. 1896లో కుర్ర సైనికాధికారిగా వచ్చిన చర్చిల్ గోల్కొండ కప్పు పోలో ఆడింది మన హైదరాబాద్‌లోనే. పట్నంలో గుర్రాల ముచ్చట ఇవాళ్టిది కాదు. మీ వీధుల్లో రిటైరైన సైనికులకు కొదవ లేదు కదా, ఎవరైనా గుర్రాల దళంలో పనిచేశారేమో వాకబు చెయ్యి. కాలేజీలో ఉంటే ఎన్.సి.సి.లో రీమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం ఉంది. అక్కడ స్వారీతో పాటు గుర్రానికి మాలిష్ చేయడం, డెక్కలు శుభ్రం చేయడం కూడా నేర్పుతారు. హీరోగారు లద్దె ఎత్తాలా అనుకుంటున్నావేమో, ఎత్తాలి!

ఒక మాట మాత్రం నిజం. ఈ రోజుల్లో సినిమాలో జంతువును వాడాలంటే 2001 నాటి నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు అనుమతి ఉండాలి. అయినా 2021లో మన హైదరాబాద్ శివార్లలో ఒక భారీ చిత్రం షూటింగులో గుర్రం చనిపోతే పోలీసు కేసు దాకా వెళ్లింది. దౌడు రాకపోయినా, గుర్రం అలసిందని కనిపెట్టి "సార్, దీనికి కాసేపు నీళ్లు పెడదాం" అనగలిగే కుర్రాడు సెట్లో ఉంటే ఫైట్ మాస్టరుకూ ధైర్యమే.

ఆ పది రోజుల పెద్దమనిషి దగ్గరికి ఇంకోసారి వెళ్లు తమ్ముడూ. డబ్బు తీసుకెళ్లకు. జీను ఒక్కసారి తీసి గుర్రం వీపు చూపించమను. ఏమన్నాడో నాకు రాయి.