గర్భసంచికి రసాయన చికిత్స: ముందు కుందేలు, తరువాతనే మనిషి

గత మాసం మా సహోద్యోగి ఒకరు భోజన విరామ సమయంలో మా గదికి వచ్చి, కొంత సంకోచిస్తూ ఒక ప్రశ్న అడిగారు. ఆయన శ్రీమతికి నలభై రెండు సంవత్సరాలు. నెలసరిలో రక్తస్రావం అధికంగా ఉండటం వల్ల గర్భసంచి తీసివేయవలసిందేనని ఒక వైద్యుడు చెప్పారట. "ఏదో మందు లోపలికి ఎక్కించి, కోత లేకుండా నయం చేసే విధానం ఉన్నదని విన్నాను. మీరు ఈ శీర్షిక వ్రాస్తారు కదా సార్, నిజమేనా?" అన్నారు. మాది ఇంజనీరింగు చదువు, వైద్యం కాదు. అయినా ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇటువంటి విషయం వ్రాయవచ్చునా అని మొదట సందేహించాము. ఈ పత్రికను మన ఇళ్ళలో ముందుగా చదివేది గృహిణులే గనుక వ్రాయడమే ఉచితమని తోచింది.

గర్భసంచి గోడ దళసరి కండరం. దాని లోపలివైపు ఎండోమెట్రియం అనే మెత్తని పొర ఉంటుంది. ప్రతి నెలా పై భాగం రాలిపోతుంది, అడుగున ఉన్న భాగం నుంచి మళ్ళీ మొలుస్తుంది. స్రావం అదుపు తప్పినప్పుడు సంచి మొత్తం తీసివేయకుండా, ఈ పొరను మాత్రం అడుగుదాకా నశింపజేస్తే చాలునన్నది వైద్యుల ఆలోచన. 1981లో అమెరికాలో లేజరు కిరణంతో ఈ పని చేశారు. 1990 దశకంలో లోపల ఒక బెలూను ఉంచి, అందులోని ద్రవాన్ని 87 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి 8 నిమిషాలు ఉంచే పద్ధతి వచ్చింది. ఇవన్నీ ఖరీదైన యంత్రాలు. అందుచేతనే, చవకైన ఒక రసాయనాన్ని సన్నని గొట్టం ద్వారా లోపలికి పంపితే సరిపోదా అన్న ప్రశ్న పుట్టింది. మాంసకృత్తులను గడ్డకట్టించే ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని టర్కీ వైద్యులు ఈ విధంగా వాడి, ఫలితాలను 2005లో ప్రకటించారు.

ఆశ సమంజసమైనదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య నూటికి దాదాపు తొమ్మిది. ఈ అంకె చదివినప్పుడు మేము కాసేపు కాగితం ప్రక్కన పెట్టవలసి వచ్చింది.

ఇక పరీక్ష సంగతి. బాయిలరు గొట్టాలలో పేరుకున్న పెచ్చును ఆమ్లంతో కడిగే పని మన పాఠకులలో చాలామంది ఎరుగుదురు. పెచ్చు కరగాలి, లోహం తినబడరాదు. అందుకని ముందుగా ఒక గొట్టం ముక్క కోసి ప్రయోగశాలలో ఆమ్లంలో వేస్తాము. కడిగేటప్పుడు అదే లోహపు బిళ్ళలను ఆమ్లంలో వ్రేలాడదీసి, ముందూ వెనుకా తూచి ఎంత లోహం పోయినదీ చూస్తాము. గర్భసంచి విషయంలోనూ సమస్య ఇదే: పొర పోవాలి, కండరం మిగలాలి. అయితే ముక్క ఎక్కడినుంచి తెస్తాము? అక్కడ కుందేలు, తెల్ల ఎలుక ముందుకు వస్తాయి.

కుందేలు గర్భాశయం మనిషిలో వలె ఒకే సంచి కాదు. రెండు వేరువేరు గొట్టాలుగా ఉంటుంది, దేని ద్వారం దానిదే. జంతువుకు మత్తు ఇచ్చి ఒక గొట్టంలో రసాయనం, రెండవదానిలో ఉప్పునీరు ఎక్కిస్తారు. ఒకే జంతువు, ఒకే రక్తం, ఒకే ఆహారం. తేడా కనబడితే అది రసాయనానిదే. ఇంతకంటె చక్కని పోలిక ఇంజనీరుకు ఎక్కడ దొరుకుతుంది! కొన్ని రోజులకు, మరికొన్నింటిలో కొన్ని వారాలకు, ఆ కణజాలాన్ని పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. గ్రంథులు మిగిలినవా? మిగిలితే పొర మళ్ళీ మొలుస్తుంది. కండరం ఎంత లోతు కాలింది? ద్రవం అండవాహికల గుండా పొట్టలోకి జారి ప్రేగులను అంటించినదా? రక్తంలో ఎంత కలిసింది?

ఈ జంతువులకు నెలసరి లేదు. గోడ మనిషిలో కంటె ఎంతో పలుచన. కనుక వీటి ఫలితాన్ని నేరుగా స్త్రీలకు అన్వయించరాదు, నెలసరి ఉన్న కోతులలో కూడా చూడవలసి ఉంటుంది. పైగా గొట్టం ముక్కకు నొప్పి తెలియదు, కుందేలుకు తెలుస్తుంది. మన దేశంలో 1998 నియమావళి ప్రకారం ఇటువంటి ప్రయోగాలకు ముందుగా అనుమతి పొందాలి.

ఈ వరుసను తలక్రిందులు చేస్తే ఏమవుతుందో క్వినాక్రిన్ కథ చెబుతుంది. అది పాత మలేరియా మందు. స్రావం ఆపడానికి కాదు గాని, అండవాహికలలో మచ్చకట్టించి సంతానం కలగకుండా చేయడానికి దాని గుళికలను గర్భసంచిలో ఉంచడం చిలీ దేశంలో ఆరంభమైంది. దారి ఇదే: కోత లేకుండా, లోపలినుంచి, చవకగా. వియత్నాంలో 31,781 మంది స్త్రీలకు ఈ పద్ధతి వాడినట్లు 1993లో ప్రకటించారు. మరుసటి సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ, జంతువులలో విషప్రభావ పరీక్షలు పూర్తి కానిదే స్త్రీలపై వాడరాదని చెప్పవలసి వచ్చింది. మన దేశంలోనూ కొందరు వైద్యులు వేలాది మందికి ఆ గుళికలు వేశారు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1998లో కేంద్ర ప్రభుత్వం ఆ వాడకాన్ని నిషేధించింది. తరువాత జరిగిన జీవితకాల పరీక్షలో, హెచ్చు మోతాదు పొందిన ఎలుకల పునరుత్పత్తి అవయవాలలో కణుతులు కనబడ్డాయి. వియత్నాం స్త్రీలలో మాత్రం క్యాన్సరు పెరిగినట్లు తేలలేదు. అది అదృష్టమే గాని, ముందుచూపు ఎంతమాత్రం కాదు. ఆ గుళికలు వేయించుకున్న స్త్రీలలో ఎంతమందికి ఈ సంగతులు చెప్పి ఉంటారు?

మా సహోద్యోగికి మేము చెప్పినది ఇంతే. రసాయన పద్ధతి ఇంకా సాధారణ చికిత్స కాలేదు. ఏ పద్ధతిలో పొరను నశింపజేసినా, ఆ తరువాత గర్భం వస్తే ప్రమాదం. లోపల క్యాన్సరు లేదని ముందుగా ముక్క పరీక్షతో నిర్ధారించాలి. సంచి తీయించే ముందు మరొక వైద్యురాలిని సంప్రదించమన్నాము. వారు వెళ్ళారు. ఆమె మొదట రక్తంలో హిమోగ్లోబిన్ చూసి, ఇనుము మాత్రలతో పాటు స్రావం తగ్గించే మాత్రలు వ్రాసి, మూడు నెలలు ఆగి చూద్దామన్నారట. రెండవ నెల నడుస్తున్నది.