తేదీ లేని పని

మన కాప్రా ఇండ్లలో గోడ క్యాలెండరు తిథి నక్షత్రములకే పరిమితము కాదు. పాలు రాని దినము, ఫీజు కట్టవలసిన గడువు దానిపైననే గుర్తించుకొంటారు. దినమును చూచిన కంటికి పని కూడ కనబడుతుంది.

ఫోనులో ఈ సౌలభ్యము తరచు కొరవడుతున్నది. పనుల జాబితా ఒకచోట, క్యాలెండరు వేరొకచోట, తెరవగానే కనబడే మొదటి పుట ఇంకొకచోట. 40 జవాబు పత్రములు దిద్దవలెనని వ్రాసికొన్న ఉపాధ్యాయునికి గడువు జ్ఞాపకముంటుంది గాని, అందుకు వలసిన 3 గంటలు ఏనాడు దొరుకునో తెలియదు. పత్రము ఆలస్యముగా అందిన విద్యార్థి తన తప్పును అప్పటికే మరచి ఉంటాడు.

మార్గము లేకపోలేదు. 1998లో వెలువడి, 2009లో సవరింపబడిన ‘ఐక్యాలెండర్’ అను సాంకేతిక ప్రమాణములోనే, ఆరంభమూ గడువూ లేని పని పూర్తియగువరకు వరుసగా ప్రతి తేదీకిని చెందునని ఉన్నది. ఆచరణలో మాత్రము గూగుల్ క్యాలెండరు తేదీ గల పనులనే తన గడులలో చూపుతున్నది. తేదీ లేనివి జాబితాలోనే మిగిలిపోతున్నవి.

కనుక ఈ సాధనములను రూపొందించువారు, పని వ్రాయునపుడే అది ఎంతసేపు పట్టునో అడుగవలెను; అంత వ్యవధిని క్యాలెండరులో కేటాయింపవలెను; మొదటి పుటలో నేటి పనులను మాత్రమే నిలుపవలెను. చోటు దొరకని పనిని మొదటనే ‘కాద’ని చెప్పగల ధైర్యము అప్పుడు మనకు కలుగుతుంది.